మార్షల్ దొర ఇంటి సంగతులు

పోయిన నెల ఒకరు మేగ్నా కార్టా (1215లో ఇంగ్లండ్ రాజు జాన్ తన దొరలకి ఒప్పుకుని ఇచ్చిన హక్కుల పత్రం) అంటే ఏటి మాస్టారూ అని అడిగితే, జవాబు చివర్న ఎనిమిది వందల ఏళ్ళ కిందటి విలియం మార్షల్ అనే ఇంగ్లండ్ ముసలాయన దాని మీద తన ముద్ర వేసి మళ్ళీ నిలబెట్టేడని ఒక్క లైను రాసి వొదిలీసేను. అంతే, ఈ నెల వొచ్చిన ఉత్తరాల్లో సగం ఆయన మీదే. ఎవరాయన, పెళ్ళాం ఎవరు, పిల్లలెంతమంది, ఆస్తి ఎవరికెళ్ళింది, అన్నీ ఇంటి విషయాలే. మన శ్రీకాకుళం, విజీనగరం వాళ్ళకి యుద్ధాల కన్నా వాటాల మీద ఇంట్రెస్ట్ ఎక్కువని నాకు ముందే తెలుసు కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం ఆయనకే ఇచ్చీసేను. మిగతా ప్రశ్నలు పై నెలకి.

ప్ర: చిన్నప్పుడు ఆయన్ని ఉరి తియ్యబోయేరని యూట్యూబ్‌లో చూసేను, కన్నతండ్రే తీసుకోమన్నాడట. నిజమేనా మాస్టారూ? – డిగ్రీ స్టూడెంట్, రాజాం

జ: కథ ఉంది బాబూ. 1152లో, కుర్రాడికి ఐదారేళ్ళు. అప్పుడు ఇంగ్లండ్‌లో స్టీఫెన్ రాజుకీ, ఆయన మేనమామ కూతురు మటిల్డాకీ సింహాసనం కోసం కొట్లాట. మన విలియం తండ్రి జాన్ మటిల్డా పక్షం. ఎలాంటి మనిషంటే, 1141లో వెర్‌వెల్ అనే చోట చర్చిలో దాక్కుంటే శత్రువులు నిప్పెట్టేరు, పైకప్పు సీసం కరిగి మీద పడి ఒక కన్ను పోయింది, అయినా బయటికి రాలేదు. అలాంటోడు. న్యూబరీ దగ్గర ఈయన కోటని స్టీఫెన్ ముట్టడేసినప్పుడు, అప్పజెప్పడానికి కొంత టైమ్ కావాలని అడిగి పూచీగా కొడుకుని రాజు చేతిలో పెట్టేడు, ఆ టైమ్‌లో అప్పజెప్పడం మానీసి సైన్యాన్నీ తిండిగింజల్నీ కోటలోకి ఎక్కించుకున్నాడు. కుర్రాణ్ణి ఉరి తీసెస్తాం అని కబురంపితే, తీసుకోండి, ఇంతకన్నా మంచి కొడుకుల్ని సాగగొట్టడానికి నా దగ్గర సుత్తీ దాగలీ రెండూ ఉన్నాయన్నాడట.

ఉరికంబం దగ్గరికి తీసుకెళ్తుంటే ఈ గుంటడికి ఏటీ తెలీదు, పక్కనున్న దొర చేతిలో బల్లెం చూసి అది నాకియ్యవా అని అడిగేడట, స్టీఫెన్‌కి మనసొప్పక ఎత్తుకుని గుడారానికి తెచ్చీసేడు. తరవాత ఇద్దరూ గడ్డిలో మొలిచే మొక్కల కాడలు కోసి ఒకదానితో ఒకటి కొట్టి ఎవరిది తెగుతుందో చూసే ఆట ఆడుకునేవారట, రాజూ బందీ కుర్రాడూ. ఇదంతా ఎక్కడిదంటే, ఆయన పోయేక పెద్దకొడుకు డబ్బిచ్చి రాయించిన పంతొమ్మిది వేల పైచిలుకు పాదాల ఫ్రెంచి పద్యం ఒకటుంది, అందులోది. ఇంటివాళ్ళు రాయించుకున్నది కాబట్టి కొంచెం ఉప్పూకారం ఎక్కువే ఉంటాది, కానీ తండ్రి ఇలా అన్నాడని తండ్రికి చెడ్డపేరొచ్చే మాట కూడా దాచలేదు కదా, అందుకే నేను నమ్ముతాను.

బొబ్బిలి వాళ్ళకి ఈ కథ ఎక్కడో విన్నట్టుంటాది. 1757 జనవరిలో కోట పడిపోయిన రోజు రంగారావు గారి పసిబిడ్డని ఒక ముసలాయన ఎత్తుకొచ్చి ఫ్రెంచి ఆఫీసర్‌కి అప్పజెప్పేడు, ఆ బిడ్డ బతికేడు కాబట్టే సంస్థానం మళ్ళీ నిలబడింది.

ప్ర: టోర్నమెంట్లు ఆడి కోట్లు సంపాదించేడంటారు, అదేం ఆట? – కబడ్డీ ప్లేయర్, ఆమదాలవలస

జ: సంపాదించక ఏం చేస్తాడు తమ్ముడూ, ఆయన తండ్రికి నాలుగో కొడుకు. అక్కడ పెద్దోడికే మొత్తం భూమి, మిగతావాళ్ళు ఎవరి కాళ్ళమీద వాళ్ళే. అందుకని పన్నెండు పదమూడేళ్ళకే నార్మండీలో చుట్టం టాంకర్‌విల్ దొర ఇంట్లో పని నేర్చుకోడానికి పంపించీసేరు. ఇరవై ఏళ్ళప్పుడు నైట్‌ని, అంటే గుర్రం మీద పోరాడే పట్టం ఉన్న యోధుణ్ణి చేసేరు, ఆ వెంటనే డ్రింకోర్ట్ దగ్గర మొదటి పోరులో బ్రహ్మాండంగా పోరాడేడు, గుర్రం చచ్చిపోయింది, సాయంత్రం విందులో మాండెవిల్ దొర ఏటన్నాడంటే, మార్షలూ, నాకో పాత జీను పట్టీ అయినా బహుమతీవోయ్ అని. నా దగ్గర అవెక్కడున్నాయండీ అన్నాడు ఈయన అమాయకంగా. అదేటయ్యా, పొద్దున్నించీ నీ చేతిలో నలభయ్యో అరవయ్యో పడ్డాయి కదా, ఒక్కటీ ఉంచుకోలేదా అని అందరూ ఒకటే నవ్వు. గెలిస్తే సరిపోదు, గెలిచింది మూట కట్టుకోవాలని ఆ రాత్రి తెలిసింది ఆయనకి.

ఇక ఆట. ఇప్పుడు సినిమాల్లో చూపిస్తారే, ఇద్దరు ఎదురెదురుగా గుర్రాల మీదొచ్చి బల్లేలతో పొడుచుకోడం, అది తరవాతి కాలం ఫ్యాషన్. అప్పట్లో రెండు జట్లు, ఒక్కోదాంట్లో వందలమంది, పొలాలూ తోటలూ ఊళ్ళూ అన్నీ గ్రౌండే. చంపడం కాదు ఉద్దేశం, పట్టుకోడం. పట్టుబడినోడి గుర్రం, కవచం నీవి, పైగా వాడు డబ్బు కట్టి విడిపించుకోవాలి. మీ కబడ్డీలో రైడర్‌ని పట్టుకుంటే ఒక్క పాయింటే కదా వొచ్చేది, ఇక్కడ ఎకౌంట్లో డబ్బే పడుతుంది. 1170ల చివర్లో రోజర్ అనే ఇంకో నైట్‌తో చెరిసగం ఒప్పందం పెట్టుకుని తిరిగితే పది నెలల్లో 103 మందిని పట్టేరు, ఈ లెక్క రాసింది వంటశాల పద్దులు చూసే గుమస్తా. చనిపోయేముందు మొత్తం అయిదువందల మందిని పట్టేనని ఆయనే చెప్పుకున్నాడు.

పద్యంలో నాకిష్టమైన సీన్ ప్లెర్ అనే ఊళ్ళోది. ఆరోజు బాగా ఆడినవాడికి ప్రైజు ఒక పెద్ద చేప, మంచినీళ్ళ చేప. ఒక దొర గెలిస్తే ఆయన ఇంకో దొరకిమ్మన్నాడు, ఆయన ఇంకొకరికి, అలా మర్యాదలు పోయి పోయి ఆఖరికి మార్షల్‌కిద్దాం అని తేలింది. చేప పట్టుకుని ఊరంతా వెతికితే ఈయన కమ్మరి కొలిమిలో ఉన్నాడు. దాగలి మీద తల పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు, దెబ్బలకి హెల్మెట్ సొట్టలుపోయి మెడకి బిగుసుకుపోయింది, కమ్మరోడు సుత్తీ పట్టకారూ పెట్టి కోస్తూ వొంచుతూ లాగుతున్నాడు. అది ఊడేదాకా నిలబడి అప్పుడు చేప ఇచ్చేరు.

ప్ర: నలభై మూడేళ్ళ మనిషికి పదిహేడేళ్ళ పిల్లనిచ్చి కట్టబెట్టేరు, ఆ పిల్లనెవరైనా అడిగేరా? – గృహిణి, పాలకొండ

జ: లేదమ్మా, అడగలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా.

తండ్రి పోయిన దొరబిడ్డలు, ముఖ్యంగా ఆస్తి ఉన్న ఆడపిల్లలు, రాజు సంరక్షణలోకి పోతారు. రాజు ఆ భూమి ఆదాయం తింటాడు, పిల్లని ఎవరికిస్తే తనకి లాభమో వాళ్ళకిస్తాడు. మన జమీందారీల్లో వారసుడు మైనరైతే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ వొచ్చి ఎస్టేటుని చేతిలోకి తీసుకునేది గుర్తుందా, మీ తాతగార్ల నోట వినే ఉంటారు, ఆ ఆలోచన పుట్టిందక్కడే. ఈ పిల్ల పేరు ఇసబెల్, తండ్రి స్ట్రాంగ్‌బో అనే క్లేర్ దొర, తల్లి ఈఫా ఐర్లాండ్‌లో లీన్‌స్టర్ రాజు కూతురు. అంటే పిల్ల వెనకాల వేల్స్ సరిహద్దు కోటలు, ఐర్లాండ్‌లో నాలుగో వంతు దాకా భూమి. అప్పటిదాకా మార్షల్‌కి ఉన్నదేటి? పేరు, గుర్రాలు, చిన్న ఎస్టేటు. 1189లో రిచర్డ్ రాజు ఈ పెళ్ళి చేయించేడు. ఇందులో తమాషా ఏంటంటే రెండు నెలల ముందే ఇదే రిచర్డ్ తండ్రి మీద తిరగబడి తరుముతుంటే, ముసలి రాజు పక్షాన నిలబడ్డ మార్షల్ ఎదురెళ్ళి రిచర్డ్ కింద గుర్రాన్ని పొడిచి చంపీసేడు, మనిషిని పొడిచీయగలిగి కూడా. రాజయ్యేక రిచర్డ్ పగ పట్టకుండా పిల్లనిచ్చేడు.

మీరడిగేరు కాబట్టి చెప్తున్నాను, ఈయన జీవితాన్ని వీరుడి కథలా చదివేవాళ్ళకి నాదొకటే మాట, ప్రతి మలుపు దగ్గరా ఒక ఆడమనిషి చెయ్యి ఉంది. 1168లో మేనమామ పాట్రిక్‌ని లూసిన్యా అనే దొరల ఇంటివాళ్ళు వెనకనించి పొడిచి చంపినప్పుడు ఈయన కంచెకి వీపు ఆనించి పోరాడి తొడలో బల్లెం దిగి దొరికిపోయేడు, కట్టు కట్టుకోడానికి గుడ్డ కూడా ఇవ్వలేదు, ఒక ఇంట్లో ఎవరో ఇల్లాలు రొట్టెని లోపల తవ్వీసి అందులో నారబట్ట కుక్కి పంపింది. పేరు కూడా మిగల్లేదావిడది. డబ్బు కట్టి విడిపించింది రిచర్డ్ తల్లి ఎలినార్ రాణి. ఆ రాణి దయ వల్లే 1170లో ఆవిడ పెద్దకొడుకు, యువరాజు హెన్రీకి కత్తిసాము నేర్పే ఉద్యోగం వొచ్చింది. ఇసబెల్ వొచ్చేకే దొర అయ్యేడు, 1199లో రిచర్డ్ తమ్ముడు జాన్ రాజు పెంబ్రోక్ ఎర్ల్ (పెద్ద దొర) పదవి ఇచ్చింది కూడా ఆవిడ పుట్టింటి హక్కు మీదే.

ఇది ఆయనకీ తెలుసు. 1207లో జాన్ రాజు అనుమానంతో ఐర్లాండ్ నించి వొచ్చీమని హుకుం పంపిస్తే, బయల్దేరేముందు కిల్కెన్నీలో తన మనుషులందర్నీ పిలిచి, నిండు గర్భిణి అయిన భార్య చెయ్యి పట్టుకుని నిలబడి, ఈవిడ మీ దొర కూతురు, నాకున్నదంతా ఈవిడ వల్లే, మీ చేతిలో పెట్టి వెళ్తున్నాను అన్నాడు. అప్పటికే ఇద్దరు పెద్దకొడుకులు రాజు దగ్గర పూచీగా ఉన్నారు (తండ్రి తనకి చేసిందే ఈయనా చేసేడు, కాకపోతే మాట తప్పలేదు). ఆయనటు వెళ్ళగానే ఇటు రాజు మనుషులు భూముల మీద పడ్డారు. చలికాలం, సముద్రం మీద ఒక్క ఓడా రావట్లేదు, జాన్ రాజు గుర్రం పక్కన గుర్రం నడుపుతూ నీ ముఖ్యమైన అనుచరులు అక్కడ చచ్చిపోయేరటగా అని అబద్ధం చెప్పి మొహంలోకి చూసేడట. ఈయన అయ్యో పాపం అని ఊరుకున్నాడు. తీరా వాతావరణం తెరిపిచ్చేక వార్తొస్తే, గెలిచింది ఇసబెల్ మనుషులే, రాజు ప్రతినిధే పట్టుబడ్డాడు.

ప్రేమగా ఉండేవారా అంటే, పదిమంది పిల్లలు, అయిదుగురు కొడుకులు అయిదుగురు కూతుళ్ళు, ముప్ఫై ఏళ్ళ కాపరం. అంతకన్నా నేను చెప్పలేనమ్మా.

ప్ర: డెబ్భై ఏళ్ళకి దేశాన్ని ఏలేడంటే నమ్మొచ్చా? – రిటైర్డ్ ఉద్యోగి, విజయనగరం

జ: నమ్మాలి. 1216 అక్టోబర్‌లో జాన్ రాజు పోయేడు, సగం దేశం ఫ్రెంచి యువరాజు లూయీ చేతిలో ఉంది, ఖజానా ఖాళీ, జాన్ కొడుకు హెన్రీకి తొమ్మిదేళ్ళు. గ్లోస్టర్‌లో గబగబా పట్టాభిషేకం చేసి ఈయన్ని రీజెంట్‌గా, అంటే పిల్లరాజు పేరు మీద దేశాన్ని ఏలే మనిషిగా పెట్టేరు. ముందు నా వల్ల కాదన్నాడు, ముసలాణ్ణన్నాడు, తరవాత అందరూ వొదిలేస్తే ఈ బిడ్డని భుజం మీద ఎక్కించుకుని దీవి దీవికీ తిరిగి అడుక్కునైనా సాకుతానన్నాడు. నవంబర్‌లో మేగ్నా కార్టాని సవరించి మళ్ళీ ఇచ్చేరు, పిల్లరాజుకి ముద్ర లేదు కాబట్టి మార్షల్‌దీ పోప్ ప్రతినిధిదీ వేసేరు. 1217 మే 20న లింకన్ యుద్ధంలో తొందరపడి హెల్మెట్ లేకుండానే బయల్దేరితే పనికుర్రాడు ఆపి గుర్తుచేసేడు. కొలిమి సంగతి తలుచుకుని కావాలనే మర్చిపోయేడేమో! గెలిచేరు, ఆ సెప్టెంబర్‌లో లూయీ సంధి చేసుకుని వెళ్ళిపోయేడు.

ప్ర: చనిపోయే ముందు కూతుళ్ళ చేత పాటలు పాడించుకున్నాడని విన్నాను. వివరంగా రాయండి సార్. – సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయి, విజయనగరం

జ: 1219 వసంతం, థేమ్స్ ఒడ్డున కేవర్‌షమ్‌లో ఆయన ఇల్లు. మంచం పట్టేడు, తిండి సయించట్లేదు. ఒకరోజు అనుచరుడు ఎర్లీ జాన్‌తో, నాకు పాడాలనుంది, కానీ పాడితే మతి పోయిందంటారు అన్నాడు. అయితే కూతుళ్ళని పిలుద్దాం అన్నారు పక్కనున్నవాళ్ళు. పెద్దమ్మాయి మాడ్‌ని పాడమన్నారు, పాపం మనసు లేకపోయినా కమ్మగా పాడింది. తరవాత ఆఖరమ్మాయి జోన్. సిగ్గుపడి గొంతు పెగల్లేదు, మొహం అలా పెట్టకమ్మా, అలా పాడితే పాట పండదు అని చెప్పి ఆ చరణం ఎలా అనాలో ఆయనే నేర్పించేడు. మీ గురువుగారూ అంతే కదా.

ఆ పిల్లకి ఇంకా పెళ్ళవలేదని ఆయనకి దిగులు. ఆస్తి పంచేటప్పుడు ఆఖరి కొడుకు ఆన్సెల్మ్‌కి ఏమీ పెట్టలేదు, నేను సంపాదించుకోలేదా, వాడూ సంపాదించుకుంటాడు అన్నాడు, ఎర్లీ జాన్ బతిమాలితే ఏడాదికి 140 పౌన్ల ఆదాయమొచ్చే భూమి రాసేడు. గుమస్తా ఒకడు, బొచ్చు అంచులున్న ఖరీదైన అంగీలు గదినిండా ఉన్నాయి, అమ్మి దానం చేస్తే ఆత్మకి మంచిది అన్నాడు. ముసలాయనకి కోపం వొచ్చింది, పెంతెకొస్తు పండగ వస్తోంది, నా మనుషులకి కొత్తబట్టలు నా చేత్తో ఇవ్వాల్సిన ఆఖరిసారి ఇది, ఒక్కటీ అమ్మడానికి వీల్లేదన్నాడు. టెంప్లర్ల (కత్తి పట్టే క్రైస్తవ సన్యాసులు) సన్యాసం పుచ్చుకునే ముందు, ఆ తరవాత ఆడవాళ్ళని ముట్టుకోకూడదు కాబట్టి, ఇసబెల్‌ని పిలిచి ఒక్క ముద్దు పెట్టు, ఇంక కుదరదు అన్నాడు. మే 14న పోయేడు. మరుసటేడే ఆవిడా.

ప్ర: అయిదుగురు కొడుకుల్లో ఒక్కడికీ సంతానం లేదు, వంశం నాశనమైంది. బిషప్ శాపమేనంటారు, మీరేమంటారు? – రిటైర్డ్ టీచర్, బొబ్బిలి

జ: శాపం కథ మేథ్యూ పారిస్ అనే సన్యాసి చరిత్రకారుడు రాసేడు. మార్షల్ ఐర్లాండ్‌లో ఫెర్న్స్ బిషప్‌వి రెండు ఊళ్ళు లాక్కున్నాడు, తిరిగివ్వలేదు, ఆయన వెలివేసేడు. మార్షల్ పోయేక బిషప్ సమాధి దగ్గరికొచ్చి ఊళ్ళిచ్చీండి, ఆయన్ని విడుదల చేసెస్తాను అంటే పెద్దకొడుకు ఒప్పుకోలేదు, దాంతో ఒక తరంలో మీ పేరు తుడిచిపెట్టుకుపోతుంది అన్నాడట. అందరూ పోయేక రాసిన కథకి జోస్యం కుదరడం పెద్ద గొప్పేం కాదు మాస్టారూ.

ఏం జరిగిందో చూడండి. పెద్దోడు విలియం 1224లో హెన్రీ రాజు చెల్లెలు ఎలినార్‌ని చేసుకున్నాడు, ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు, 1231లో ఈయన పోయేటప్పటికి పదహారు. ఇంక పిల్లలెక్కణ్ణించొస్తారు? (ఆ ఎలినార్ తనకి రావాల్సిన విధవ భాగం కోసం అన్నగారి మీద దశాబ్దాల తరబడి పోరాడింది, మళ్ళీ పెళ్ళాడింది సైమన్ డి మాంట్‌ఫర్ట్‌ని, రాజు మీద తిరగబడ్డ ఆయన్నే.) రెండోవాడు రిచర్డ్ రాజుతో తగవుపడి 1234లో కిల్డేర్ మైదానంలో దెబ్బలు తిని చచ్చిపోయేడు. మూడోవాడు గిల్బర్ట్‌ని చిన్నప్పుడే చర్చికి ఇచ్చీసేరు, అన్నలు పోతే తీసుకొచ్చి ఎర్ల్‌ని చేసేరు, నేనూ నాన్నలాంటోణ్ణే అని చూపించుకోడానికి 1241లో వేర్ దగ్గర టోర్నమెంట్‌కి దిగేడు, కళ్ళెం తెగి గుర్రం ఈడ్చుకుపోయి పోయేడు. తండ్రికి ఇల్లూ వాకిలీ తెచ్చిపెట్టిన ఆటే కొడుకుని మింగీసింది. వాల్టర్ 1245 నవంబర్‌లో పోతే నెల తిరక్కుండా ఆన్సెల్మ్ కూడా. పద్నాలుగేళ్ళలో ఇల్లు ఖాళీ.

కానీ వంశం నాశనమైందన్నారు చూడండి, అక్కడ నేనొప్పుకోను. అయిదుగురు కూతుళ్ళేమయ్యేరు మరి? వాళ్ళు మనుషులు కారా? అక్కడి చట్టం ఏంటంటే కొడుకుంటే పెద్దోడికే మొత్తం, కూతుళ్ళే ఉంటే మాత్రం అందరికీ సమానం. 1246లో మార్షల్ పదవి (ఇంటిపేరు వొచ్చింది ఈ రాజోద్యోగం నించే) గుర్తయిన కర్ర పెద్దకూతురు మాడ్ చేతికొచ్చింది, ఆవిణ్ణించి నార్‌ఫోక్ ఎర్ల్ అయిన కొడుక్కి. రెండో కూతురు ఇసబెల్ మొదటి మొగుడు క్లేర్ దొర, రెండోవాడు రాజుగారి తమ్ముడు. ఈ ఇసబెల్ కూతురి మనవడే స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్. ఈవా మొగుణ్ణి 1230లో వేల్స్ రాజు లెవెలిన్ ఉరి తీసేడు, నలుగురు కూతుళ్ళని ఆవిడే పెంచింది. పాట పాడిన జోన్ కూతురు భర్త పెంబ్రోక్ దొర అయ్యేడు. సిబిల్‌కి ఏడుగురు కూతుళ్ళు, కాబట్టి ఆవిడ అయిదో వంతు మళ్ళీ ఏడు ముక్కలు, అంటే ఒక్కొక్కరికి మొత్తంలో ముప్ఫై అయిదో వంతు. కిల్కెన్నీ ఒకరికి, కిల్డేర్ ఒకరికి, వెక్స్‌ఫర్డ్ ఒకరికి, చెప్‌స్టో ఒకరికి, సరిహద్దు రాళ్ళు పాతేరు. ఇంటిపేరు పోయింది, అంతే. నెత్తురు అటు స్కాట్లాండ్ సింహాసనం దాకా పాకింది.

ప్ర: మా పిల్లలు లండన్‌లో ఉన్నారు, వెళ్తే ఏం చూడొచ్చు? – సాలూరు

జ: టెంపుల్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచెళ్ళిపోవచ్చు, టెంపుల్ చర్చి, ఈయన్ని పెట్టిందక్కడే. గుండ్రటి భాగంలో నేల మీద రాతి మనుషులు పడుకుని ఉంటారు, అందులో ఒకటి ఈయనదంటారు. 1941 మేలో బాంబులు పడి చాలా పాడయ్యేయి, మొహం సరిగ్గా కనపడదు. పెద్దకొడుకునీ గిల్బర్ట్‌నీ కూడా అదే చర్చిలో పెట్టేరు. టికెట్ ఉంటాది, వెళ్ళేముందు తెరిచే టైమ్ చూసుకోమనండి.

పండగల గురించి అడిగిన ఇద్దరికీ, గోస్తనీ నది పేరు గురించి అడిగిన ఒకరికీ పై నెల.